డ్రయ్యర్ స్టార్ట్ కావట్లేదా? బోర్డు పోయిందంటే వెంటనే నమ్మకండి

డాలస్ వైపు పాత ఇల్లు కొని, అందులో ఉన్న వాషర్, డ్రయ్యర్లనే వాడుకుంటున్న మనవాళ్ళు ఇది ఒకసారి చదవండి. పోయిన నెల నాకు 95 డాలర్లు ఊరికే పోయాయి. ఇంకో 380 వెంట్రుకవాసిలో తప్పాయి.

ఆదివారం రాత్రి తడి దుప్పట్లు వేసి బటన్ నొక్కాను. ప్యానెల్ మీద లైట్లు వెలుగుతున్నాయి, డ్రమ్ మాత్రం తిరగదు. చిన్న చప్పుడు కూడా లేదు. "ఇంత ఎండ పెట్టుకుని మిషన్లో ఆరేయడమేంటమ్మా" అని అత్తయ్య అననే అంది. బయట తీగ కడితే మా కాలనీ వాళ్ళు నోటీసు పంపిస్తారని ఆవిడకి ఎలా చెప్పను?

నెట్‌లో మొదట కనిపించిన రిపేర్ నంబర్‌కి ఫోన్ చేశాం. వచ్చినతను బటన్ రెండుసార్లు నొక్కి, వెనక టార్చ్ వేసి చూసి, ఐదు నిమిషాల్లో తేల్చేశాడు: మెయిన్ బోర్డు, అంటే మిషన్‌ని నడిపే సర్క్యూట్ బోర్డు పోయింది, లేబర్‌తో కలిపి 380. స్క్రూడ్రైవర్ బయటికి తియ్యనే లేదు. ఫ్యూజు చూడరా అని అడిగితే, "లైట్లు వెలుగుతున్నాయిగా, ఫ్యూజు బాగానే ఉన్నట్టు" అన్నాడు.

ఇక్కడే మోసపోతాం. ఇళ్ళలో ఫ్యూజు పోతే అన్నీ ఆరిపోతాయి కదా, అలాంటిదే అనుకుంటాం. డ్రయ్యర్‌లో థర్మల్ ఫ్యూజు వేరు. లోపల వేడి హద్దు దాటితే అది కాలిపోతుంది, మళ్ళీ అతుక్కోదు. మా మోడల్‌లో అది మోటార్ లైన్లో ఉంది కాబట్టి లైట్లు వెలుగుతూనే డ్రమ్ ఆగిపోయింది. కొన్ని మోడళ్ళలో డ్రమ్ తిరుగుతుంది, వేడి మాత్రం రాదు.

ఆలోచించి చెప్తామని అతన్ని పంపించేసి, మా ఆయన స్నేహితుణ్ణి పిలిచాం. విజయవాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాడు. ముందు బ్రేకర్ పూర్తిగా ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేశాడు. ఇక్కడి డ్రయ్యర్‌కి 240 వోల్టులు, అంటే రెండు 120 లైన్లు వస్తాయి. మోటార్‌కి ఒకటి చాలు, హీటర్‌కి రెండూ కావాలి. అందుకే ఒక లైన్ పోతే డ్రమ్ తిరిగినా బట్టలు ఆరవు. తర్వాత తలుపు స్విచ్ టిక్కుమంటోందా అని విన్నాడు. అదీ బాగానే ఉంది.

అప్పుడు ప్లగ్ పీకి, మిషన్ ముందుకి లాగి, వెనక రేకు విప్పాడు. గాలి బయటికి తోసే ఫ్యాన్ పక్కన బొటనవేలంత తెల్ల ముక్క, రెండు వైర్లు. అదే థర్మల్ ఫ్యూజు. దాని మీద 196 ఫారన్‌హీట్ అని ఉంది. వైర్లు తీసి, కరెంటుకి దారి ఉందో తెగిందో చెప్పే మీటర్ పెడితే, ఫ్యూజు బాగుంటే కుయ్యిమనాలి. అనలేదు. కొత్తది 12 డాలర్లు.

అయితే అది ఊరికే కాలలేదు. వెనక ఉన్న రేకు కాగితం లాంటి గొట్టం గోడకి నొక్కుకుపోయి, లోపల నూగు పరుపులో దూదిలా కూరుకుపోయింది. వేడి గాలికి దారి లేదు. అది తియ్యకుండా కొత్త ఫ్యూజు వేసినా మళ్ళీ పోయేదే. మేం గట్టి లోహపు గొట్టం వేయించాం.

ఇంకోటి. ఈలోగా ఫోన్‌లో మాట్లాడిన మరో రిపేర్ మనిషి "ఫ్యూజు తీసేసి వైర్లు కలిపేస్తా, 60 ఇవ్వండి" అన్నాడు. ఆ పని మాత్రం చేయించకండి, వేడి హద్దు దాటినా ఆపేది ఉండదు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008–2010 లెక్కల్లో ఇళ్ళలో డ్రయ్యర్ మంటలు ఏటా సుమారు 2,900. శుభ్రం చెయ్యకపోవడమే అందులో పెద్ద కారణం. గ్యాస్ డ్రయ్యర్ అయితే మీరు అసలు విప్పకండి.

ఎవరైనా బోర్డు అంటే మీటర్ పెట్టి చూపించమనండి, కాగితం మీద రాసివ్వమనండి. మేం ఆ రోజే అడిగాం. 95 డాలర్ల రసీదు మీద "విజిట్ ఛార్జీ" అని రాసిచ్చాడు. బోర్డు అన్న మాటే లేదు.