ఎస్‌యూవీకి ట్రైలర్ హిచ్: క్లాస్ 2 చాలునా, క్లాస్ 3 కావాలా?

అమెరికాలో కుటుంబ ఎస్‌యూవీకి హిచ్ (ట్రైలర్‌ను తగిలించేందుకు బండి వెనక అమర్చే లోహపు చట్రం) బిగించుకునేవారు సాధారణంగా ఈ రెండింటి మధ్యే తేల్చుకోవలసి వస్తుంది. 1¼ అంగుళాల చదరపు గొట్టం గల క్లాస్ 2 హిచ్ 3,500 పౌండ్ల వరకు లాగుతుంది. చిన్న సామాను ట్రైలర్‌కు అది చాలు, ధరా తక్కువే. 2 అంగుళాల క్లాస్ 3 సాధారణంగా 8,000 పౌండ్ల వరకు తట్టుకుంటుంది, అయితే తయారీదారు 5,000 పౌండ్లే లాగవచ్చని చెప్పిన బండికి ఎంత బలమైన హిచ్ తగిలించినా పరిమితి మారదు. పైగా ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్‌పైనే, అంటే ట్రైలర్ ముందు కొస కూర్చునే లోహపు గుండుపైనే పడుతుంది కనుక, 3,500 పౌండ్ల ట్రైలర్ 350 నుంచి 525 పౌండ్ల భారం మోపుతుంది. డిక్కీ కూడా నిండి ఉంటే బండి వెనక కుంగి, ముందు చక్రాల పట్టు సడలుతుంది. హిచ్ గొట్టంలో బిగించే నాలుగు సైకిళ్ల ర్యాక్‌లు ఎక్కువగా 2 అంగుళాల గొట్టానికే వస్తాయి కాబట్టి, ట్రైలర్ అరుదుగా లాగేవారికి సైతం క్లాస్ 3 మేలని నా అభిప్రాయం.