గ్లాక్ 19లో కంపెనీ రికాయిల్ స్ప్రింగును మార్చి చూశాను

డాలస్ దగ్గరి షూటింగ్ రేంజికి నెలకు రెండుసార్లు వెళ్లే నేను, నా మూడో తరం గ్లాక్ 19 పిస్తోలులో, స్లైడును (తూటా పేలగానే వెనక్కి జరిగే పై భాగాన్ని) తిరిగి ముందుకు నెట్టే కంపెనీ రికాయిల్ స్ప్రింగునూ, అది చుట్టుకుని ఉండే ప్లాస్టిక్ గైడ్ రాడ్‌నూ తీసేసి, వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్, 13 పౌండ్ల బలంతో నెట్టే తేలికపాటి స్ప్రింగు వేసి నాలుగు నెలలు వాడాను. వెనక్కి తన్నడం తగ్గుతుందనీ, రెండో తూటాకు గురి త్వరగా కుదురుతుందనీ చెప్పిన మాట నమ్మి 38 డాలర్లు పెట్టాను.

తేడా లేదని అనను. స్లైడును వెనక్కి లాగడం తేలికైంది, అది మూసుకునేటప్పుడు గొట్టం మూతి కిందికి వంగడమూ కాస్త తగ్గింది. అయితే ఇది స్ప్రింగు చలవే తప్ప రాడ్‌ది కాదు. వంటింటి త్రాసులో తూచి చూస్తే కొత్త భాగం పాతదానికంటే పాతిక గ్రాములైనా ఎక్కువ లేదు. ఖాళీగానే దాదాపు 600 గ్రాములుండే పిస్తోలులో ఆ బరువు చేతికి తెలియదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. గ్లాక్‌లో ట్రిగ్గర్ వైపు పట్టుబడిన స్ట్రైకర్ (తూటా అడుగును కొట్టి పేల్చే సూది) తన స్ప్రింగు బలంతో స్లైడును వెనక్కి లాగుతుంటుంది కాబట్టి, దానిని నెగ్గి స్లైడును పూర్తిగా మూసేంత బలం రికాయిల్ స్ప్రింగుకు ఉండాలి. దీన్ని పరీక్షించే పద్ధతి సులువే: పిస్తోలు ఖాళీ అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, మూతిని సురక్షితమైన దిక్కులో పైకెత్తి, ట్రిగ్గర్ నొక్కిపట్టి, స్లైడును వెనక్కి లాగి మెల్లగా వదలాలి. కంపెనీ స్ప్రింగుతో అది చివరిదాకా వెళ్లి మూసుకుంది. 13 పౌండ్లదానితో రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోయింది. కొత్త స్ప్రింగే ఇలా ఉంటే, మసి పట్టిన తరువాత దాని సంగతి వేరే చెప్పాలా?

దీనికి తోడు, నాలుగు వందల తూటాలు కాల్చేసరికి రాడ్ చివర స్ప్రింగును పట్టి ఉంచే మర వదులై, స్లైడు సగంలో బిగుసుకుపోయింది. కంపెనీ రాడ్‌కు అసలు మరే లేదు. వదులయ్యేందుకు అందులో ఏమీ ఉండదు.

ఎక్కువ పౌండ్ల గట్టి స్ప్రింగు వేసినా ఇబ్బందే: బలం తక్కువ తూటాలతో స్లైడు పూర్తిగా వెనక్కి రాక, ఖాళీ తొడుగు బయటపడకుండా ఇరుక్కుంటుంది. తమ తూటాల్లో మందుగుండును తామే నింపుకొని, వాటి బలానికి తగిన స్ప్రింగును ఎంచుకునే పోటీ షూటర్ల సంగతి వేరు. 1911 నమూనా పిస్తోళ్లలోనూ ఈ మార్పు పాత అలవాటే, అయిదంగుళాల గొట్టమున్న .45 క్యాలిబర్ పిస్తోలుకు 16 పౌండ్లు ప్రామాణికం, తూటాను బట్టి దానిని పెంచుతారు, తగ్గిస్తారు. 2010లో వచ్చిన నాలుగో తరం గ్లాక్‌లో మాత్రం జంట స్ప్రింగు ఉంటుంది కనుక, మూడో తరం భాగాలు అందులో నేరుగా ఇమడవు.

ఇంటి రక్షణకోసమో, వెంట ఉంచుకోవడానికో పిస్తోలు కొన్నవారు కంపెనీ భాగాన్నే ఉంచి, మూడు నాలుగు వేల తూటాలకొకసారి అదే రకం కొత్తది వేసుకోవడం మేలని నా అభిప్రాయం. నేనూ అదే చేశాను. మార్చిన తేదీని, అప్పటి తూటాల లెక్కను పిస్తోలు పెట్టె మూత లోపల రాసిపెట్టాను.