మూలుగ పరీక్ష: రసం లాగడమా, ముక్క తీయడమా?

పెద్దవాళ్లలో రక్తకణాలు తయారయ్యేది తుంటి ఎముక, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకల లోపలి ఎర్ర మూలుగలో. అందుకే డాక్టర్ "బోన్ మ్యారో చేయాలి" అంటే సూది మామూలుగా నడుము కింద, తుంటి ఎముక వెనక అంచున పడుతుంది.

ఆస్పిరేషన్‌లో సిరంజితో మూలుగ రసాన్ని లాగుతారు. గాజు పలక మీద వేస్తే అందులో నూకల్లాంటి రేణువులు కనిపించాలి. అవి లేకపోతే వచ్చింది వట్టి రక్తమే కావచ్చు. పలచగా పరిచి రంగు వేస్తే ఒక్కో కణం రూపం విడివిడిగా తెలుస్తుంది. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) అనుమానం ఉంటే బ్లాస్ట్ కణాలు, అంటే ఇంకా పూర్తిగా ఎదగని కణాలు, లెక్కపెట్టేది ఇందులోనే. ఫ్లో సైటోమెట్రీకి (కణాలు ఏ రకానివో గుర్తించే పరీక్ష), క్రోమోజోమ్ పరీక్షకు పంపేదీ ఎక్కువగా దీన్నే. రిపోర్టూ త్వరగా వస్తుంది.

బయాప్సీలో లావు సూదితో అగ్గిపుల్లంత సన్నని ఎముక ముక్క తీస్తారు, పొడవు దాదాపు 2 సెంటీమీటర్లు. కాల్షియం పోగొట్టి మెత్తబరచాలి కాబట్టి రిపోర్టుకు రోజులు పడుతుంది. కానీ మూలుగలో కణాలెంత, కొవ్వెంత, పీచు పట్టిందా, వేరేచోటి క్యాన్సర్ చేరిందా అన్నది ఈ ముక్కే బాగా చెబుతుంది. మూలుగ పీచు పట్టిపోయే జబ్బైన మైలోఫైబ్రోసిస్‌లో ఎంత లాగినా సిరంజిలోకి చుక్క రాకపోవచ్చు. అప్పుడు బయాప్సీయే దిక్కు.

"ఒకటి చాలదా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. రెండూ ఒకేసారి చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం, మళ్లీ సూది పొడిపించుకునే బాధ తప్పుతుంది. మత్తు ఇంజెక్షన్ చర్మాన్ని, ఎముక పైపొరను మొద్దుబారుస్తుంది గానీ, రసం లాగే క్షణంలో లోపల జివ్వుమంటుంది. కొన్ని సెకన్లే. ఆ మాట ముందే చెబితే పేషెంటుకు సగం టెన్షన్ తగ్గుతుంది.