ఎద్దు మీద సరుకుతో కేర్లియన్ దాకా: ఆల్బియన్ ఆన్‌లైన్ ఆడిన ఒక కొట్టువాడి అభిప్రాయం

వేసవి సెలవుల్లో పలాస నుంచి మా ఇంటికి వచ్చిన మేనల్లుడు నా ఫోనులో ఆల్బియన్ ఆన్‌లైన్ అనే ఆట ఎక్కించి వెళ్లాడు. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో నాకొక కిరాణా కొట్టు ఉంది. రాత్రి కొట్టు కట్టేసి, లెక్క చూసుకుని, భోజనం అయ్యాక గంటో గంటన్నరో ఈ ఆట ఆడడం అయిదు నెలలుగా అలవాటైంది. నాకు కొత్తదే గానీ ఇది నిన్న మొన్న పుట్టిన ఆట కాదు. బెర్లిన్‌లోని శాండ్‌బాక్స్ ఇంటరాక్టివ్ అనే సంస్థ దీనిని 2017 జులైలో విడుదల చేసి, 2019 ఏప్రిల్‌లో ఉచితం చేసి, 2021 జూన్‌లో ఫోన్లకు తెచ్చింది. అయితే మన వైపు వారికి ఇది హాయిగా ఆడుకోదగిన ఆటగా మారింది 2023 మార్చిలో ఆసియా ఆటగాళ్ల కోసం సింగపూర్‌లో వేరే సర్వర్ (ఆటను నడిపే కంప్యూటరు) పెట్టిన తరువాతనే. కొత్తగా చేరేవారు మొదట ఆసియా సర్వర్‌నే ఎంచుకున్నారో లేదో చూసుకోవాలి. ఎక్కడో దూరాన ఉన్న అమెరికా సర్వర్‌లో పడితే, కత్తి ఎత్తిన కాసేపటికి గానీ దెబ్బ తగలదు.

కత్తులు, మంత్రదండాలు, రాక్షసులు, గుహలు అన్నీ ఉన్నాయి కనుక దీనిని మాయాలోకపు ఆటగానే చెప్పుకుంటారు. నా మట్టుకు ఇది ముందు వర్తకం, ఆ తరువాతే యుద్ధం. ఇందులో ఆటగాడు వాడే ఆయుధాలు, కవచాలు, సంచులు, గుర్రాలు దాదాపు అన్నీ మరొక ఆటగాడు తయారు చేసినవే. మొదట్లోనే యోధుడా, మాంత్రికుడా అని ఆట మనల్ని అడగదు. ఏది తొడుక్కుంటే ఆ విద్య వస్తుంది, విప్పేస్తే పోతుంది. నేను తొడుక్కునే మాంత్రికుడి అంగీని మా మేనల్లుడే కుట్టి ఇచ్చాడు. ఆ అంగీ మీద వేలు పెడితే వివరాల్లో చేసినవాడిగా వాడి పేరు కనిపిస్తుంది. అంగీలో గొప్ప శక్తులేమీ లేవు గానీ, ఆ పేరు చూసి వాణ్ణి కన్నంత మురిసిపోయిన మాట నిజం.

బజారు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను కట్టిపడేసింది అదే. మార్ట్‌లాక్, థెట్‌ఫర్డ్, ఫోర్ట్ స్టెర్లింగ్, లిమ్‌హర్స్ట్, బ్రిడ్జ్‌వాచ్ అని అయిదు పట్టణాలు చుట్టూ ఉంటాయి, నడుమ కేర్లియన్ ఉంటుంది. ఒక పట్టణం బజారుకు మరొక పట్టణం బజారుతో సంబంధం లేదు. రామభద్రపురం మార్కెట్లో కూరగాయ పలికే ధర మా వీధి బండి మీద పలకనట్టే, థెట్‌ఫర్డ్‌లో నార పలికే ధర లిమ్‌హర్స్ట్‌లో పలకదు. పైగా ఆట తయారు చేసినవారు ఇక్కడొక చిక్కుముడి వేశారు. నార పండేది థెట్‌ఫర్డ్ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో, దానిని బట్టగా నేయించుకుంటే అదనపు లాభం దక్కేది లిమ్‌హర్స్ట్‌లో. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకడం దగ్గర నుంచి మగ్గం మీద పంచె దిగేదాకా పనంతా ఒక్క ఊళ్లోనే సాగడం చూసినవాణ్ణి గనుక, నార ఒకచోట, నేత ఒకచోట అనే ఈ ఏర్పాటు మొదట నాకు వింతగా తోచింది. నాలుగు రోజులు తిరిగాక, సరుకు రోడ్డెక్కాలనే ఉద్దేశంతోనే అలా పెట్టారని అర్థమైంది. సరుకు రోడ్డెక్కితేనే దొంగలకు పని, దొంగలుంటేనే ధరల్లో తేడా, తేడా ఉంటేనే వర్తకుడికి బతుకు.

రోడ్లకు రంగులున్నాయి. నీలం ప్రాంతంలో తోటి ఆటగాళ్ల భయం లేదు. పసుపులో ఎవరైనా కొట్టి పడేసినా ఒంటిమీద సరుకు దోచుకోలేరు. ఎరుపు, నలుపు ప్రాంతాల్లో చస్తే మాత్రం తొడుక్కున్న బట్టతో సహా అన్నీ పోతాయి. అందులో కొన్ని అక్కడికక్కడే నాశనమైపోతాయి, మిగిలినవి చంపినవాళ్ల పాలవుతాయి. ఇది కర్కశంగా కనిపించినా, పోయిన ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు మళ్లీ కొనుక్కోవాలి గనుకనే మా మేనల్లుడి లాంటి కుట్టుపనివాళ్లకు గిరాకీ తగ్గడం లేదు.

కేర్లియన్‌కు వెళ్లాలంటే ఎర్ర ప్రాంతం దాటక తప్పదు. అక్కడ బ్లాక్ మార్కెట్ అని ఒకటుంది. ఆటగాళ్లు దానికి అమ్మిన ఆయుధాలు, కవచాలే తరువాత రాక్షసుల శవాల దగ్గర ఇతరులకు దొరుకుతాయి, కనుక అక్కడ కొన్నిసార్లు ధర బాగా పలుకుతుంది. ఒక రాత్రి నేనూ మా మేనల్లుడూ పది రోజులు కూడబెట్టిన అంగీలన్నీ నా ఎద్దు మీద వేసి బయలుదేరాం. అవును, ఎద్దే. ఈ ఆటలో సరుకు మోయడానికి ఎద్దు ఉంది. బరువు బాగా మోస్తుంది, నడక మాత్రం మన ఎద్దు నడకే. వాడు గుర్రం మీద ముందు పోతూ దారి చూస్తున్నాడు, నేను వెనుక తోలుకొస్తున్నాను. ఎర్ర ప్రాంతంలోకి అడుగు పెట్టగానే, దోపిడీకి తెగించి తిరుగుతున్నవారు ఎందరున్నారో తెరమీద అంకె కనిపిస్తుంది. ముందు సున్నా, కాసేపటికి ఒకటి, ఉన్నట్టుండి అయిదు. "ఆగిపోకు మావయ్యా, తోలుకెళ్లిపో" అని ఫోనులో వాడు అరుస్తున్నాడు. నేను మ్యాపు చూద్దామని ఆగాను. గుర్రాల మీద వచ్చిన అయిదుగురు నన్ను ఎద్దు మీంచి దింపడానికి పట్టిన సమయం, వారిలో ఒకడు నాకు నమస్కారం పెట్టడానికి పట్టిన సమయం కంటే తక్కువ. మా మేనల్లుడు వెనక్కి తిరిగి వచ్చేసరికి అంగీలు లేవు, ఎద్దు లేదు, నేను నూలుపోగు లేకుండా పట్టణంలో లేచి కూర్చున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టని మాట దాచను. అయినా, లారీ బోల్తా పడి నిజం సరుకు పోగొట్టుకున్న అనుభవం ఉన్నవాడిగా చెబుతున్నాను, ఆ బాధను ఇంత నిజంగా కలిగించిన ఆట నేను మరొకటి చూడలేదు.

కథ కోసం ఆడేవారికి ఇందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. రాక్షసులతో యుద్ధం కొన్నాళ్లకు చప్పబడుతుంది, గుహలు ఒకదానిలా ఒకటి ఉంటాయి. బొమ్మలు సాదాసీదాగా, పైనుంచి చూస్తున్నట్టు ఉంటాయి. దానివల్ల నా పాత ఫోను కూడా తట్టుకుంటోంది, ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిస్తే అదే పాత్ర, అదే సరుకు అక్కడా కనిపిస్తాయి. తెలుగు లేదు, ఇంగ్లీషులో చదువుకోవలసిందే. నల్ల ప్రాంతాల్లో గిల్డులు, అంటే ఆటగాళ్ల జట్లు, భూముల కోసం చేసే యుద్ధాల్లో నేను పాల్గొనలేదు. విజయనగరం వాణ్ణి పట్టుకుని ముట్టడికి రమ్మంటే 1757 నాటి బొబ్బిలి గుర్తొచ్చి కొంచెం మొహమాటంగానే ఉంటుంది.

డబ్బు విషయానికి వస్తే, ఆన్‌లైన్ ఆట అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లకు రమ్మీయే గుర్తొస్తుంది. 2020లో మన రాష్ట్రంలో దానిని నిషేధించేదాకా కొంపలు మునిగిన సంగతులు అందరూ విన్నవే. మా అమ్మ కూడా "డబ్బులు పెట్టి ఆడతన్నావేటిరా?" అని మొదటి వారమే నిలదీసింది. ఇందులో పందెం లేదు, గెలుచుకునే రూపాయీ లేదు. ప్రీమియం అనే చందా మాత్రం ఉంది. అది ఉంటే అమ్మకం మీద పన్ను 8 శాతం నుంచి 4 శాతానికి తగ్గుతుంది, సొంత దీవిలో పంట వేసుకోవచ్చు. ఆ చందాకు కావలసిన బంగారాన్ని ఆటలో సంపాదించిన వెండితోనే కొనుక్కోవచ్చు. అయితే కొత్తవాడికి అంత వెండి కూడడానికి చాలా రోజులు పడుతుంది. నేను ఒక నెలకు రూపాయలు పెట్టి కట్టాను, తరువాత వెండితోనే నెట్టుకొస్తున్నాను. వెండిని నోట్లతో కొనగలిగినవాడు త్వరగా పైకి పోతాడు, అది నాకు నచ్చని విషయం. కాకపోతే ఎంత ఖరీదైన కవచం కొన్నా ఎర్ర రోడ్డు మీద అదీ పోయేదే.

చివరగా ఒక హెచ్చరిక, ఇది ఆట తప్పు కాదు. మా వీధికి వచ్చే నెట్ గాలి కాస్త గట్టిగా వీస్తే పోతుంది. ఒకసారి ఎర్ర ప్రాంతం మధ్యలో లైను తెగింది. లైను తెగినా మన బొమ్మ వెంటనే మాయం కాదు, ఎద్దుతో సహా దారి మధ్యలో నిలబడి ఉంటుంది. అది నాకు తెలిసింది మరునాడు ఉదయం, ఖాళీ సంచి చూసుకున్నాక. ఇప్పుడు ఎద్దును తోలే ముందు మా ఆవిడ ఫోనులో హాట్‌స్పాట్ వేయించి పక్కన పెట్టుకుంటున్నాను, సరుకు కూడా సగమే వేస్తున్నాను.