నల్లగొండ రోడ్ల మీద కిందికి దించిన స్విఫ్ట్: ఏళ్ల తరబడి నడిపాక

మాది 2013 మోడల్ మారుతి స్విఫ్ట్ పెట్రోల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కంపెనీ లెక్కలో గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకూ నేలకూ మధ్య ఎడం, 170 మి.మీ. ముందు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య అరచెయ్యి పెట్టినా ఇంకా చోటు మిగిలేది. ఆ ఖాళీ నాకు మొదటి నుంచీ నచ్చలేదు. పెద్ద అల్లాయ్ చక్రాలు వేస్తే పోతుందని చాలామంది అంటారు. 165/80 ఆర్14 టైరు తీసి 185/65 ఆర్15 వేస్తే మొత్తం ఎత్తులో తేడా 2 మి.మీ. కూడా రాదు, కావాలంటే లెక్క వేసుకోండి. బండి కిందికి రావాలంటే స్ప్రింగులు మారాల్సిందే.

ఎత్తు సర్దుకోగలిగే స్ప్రింగు-షాక్ సెట్లు ఉంటాయి, కాయిలోవర్లు అంటారు. వాటి ధర అడిగితే మా బండి రీసేల్ విలువలో మూడో వంతు చెప్పారు. అది అక్కడితో వదిలేశాను. ఇక చౌక దారి, మన దగ్గర అందరూ చెప్పేది: "స్ప్రింగు ఒక చుట్టు కోస్తే అయిపోతది గదా అన్నా, ఐదొందలల్ల పని." మా పిన్ని కొడుకు పాత మారుతి జెన్‌కు అట్లాగే కోయించాడు. అందులో తిప్పర్తి దాకా పోయి వచ్చేసరికి నా నడుము పట్టేసింది. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, కానీ ఎంత గట్టిపడాలో ఎవరూ లెక్క కట్టరు. ఇంకో సంగతి ఉంది. స్ప్రింగు చివరి చుట్టును దాని సీటులో, అంటే స్ప్రింగు ఆనే గిన్నెలో, సరిగ్గా కూర్చునేలా కంపెనీ మలుస్తుంది, కోత పడేది దాని మీదే. పంక్చర్ వేయించడానికి వాడి బండిని జాకీ మీద ఎత్తగానే వెనక స్ప్రింగు సీటులోంచి జారి పక్కకు వాలింది, నేను పక్కనే ఉండి చూశాను. గ్యాస్ మంటతో స్ప్రింగును కాల్చి దించేవాళ్లు కూడా ఉన్నారు. ఉక్కుకున్న పదును, అంటే వంగి మళ్లీ లేచే గుణం, ఆ వేడికే పోతుంది. అలాంటి బండి ఎవరైనా ఊరికే ఇచ్చినా నేను ఎక్కను.

నేను తీసుకున్నవి స్విఫ్ట్ కోసమే చేసిన 35 మి.మీ. లోవరింగ్ స్ప్రింగులు. హైదరాబాద్‌లో ఒకాయన బండి అమ్మేస్తూ విప్పి పెట్టినవి, 9,000కు వచ్చాయి. నాలుగు షాక్‌లు (స్ప్రింగు ఊగకుండా ఆపే షాక్ అబ్సార్బర్లు) మాత్రం కొత్తవి కొన్నాను, అవి ఇంకో 8,000 పైచిలుకు. స్ట్రట్ మౌంట్లు, బేరింగులు, లేబర్, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 22,000 లోపు తేలింది. పాత షాక్‌లే ఉంచితే మూడో వంతు మిగిలేది, మెకానిక్ కూడా అదే అన్నాడు. కానీ బండి దిగిందంటే షాక్ లోపల రాడ్ కదిలే చోటు అంత మేర తగ్గినట్టే. అరిగిన షాక్ మీద గట్టి స్ప్రింగు పెడితే బండి ఊగుతూనే ఉంటుంది. తక్కువ డబ్బుంటే స్ప్రింగులు పాతవి కొనండి, షాక్‌లు కొత్తవి కొనండి. తిరగేసి చేస్తే రెండుసార్లు లేబర్ కట్టాలి, ఎందుకంటే ముందు చక్రాల దగ్గర స్ప్రింగూ షాకూ కలిసి ఉండే స్ట్రట్ విప్పడమే అసలు పని. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా తాళ్లతో కట్టి స్ప్రింగు విప్పుతానన్న షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి. ఆ స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. మా మెకానిక్ బంప్ స్టాప్ రబ్బరును (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోతే అడ్డుపడేది) కూడా ఒక మడత మేర కోశాడు. అది కోయకపోతే చిన్న గతుక్కే బండి రబ్బరు మీద కూర్చుని "ధడ్" మంటుంది.

నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక బండి ముద్దొస్తుంది. చిట్యాల, పంతంగి టోల్‌గేటు దాటి చౌటుప్పల్ దాకా లేన్ మారితే పక్కకు ఒరగదు, స్టీరింగ్ తిప్పినంతే తిరుగుతుంది. ఒక్కణ్నీ వెళ్తే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

అత్తగారి ఊరు నిడమనూరు వైపు. అక్కడికి ఐదుగురం కూర్చుని వెళ్లి, వచ్చేటప్పుడు డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేసుకుంటే కథ మారుతుంది. వెనక భాగం దిగి, ప్రతి గుంతకూ బంప్ స్టాప్ తగులుతుంది. మా మామ చూసి, "ఏంది అల్లుడూ, బండి కూలబడ్డట్టుంది" అన్నాడు. షోరూం ఫొటోలు ఖాళీ బండివి. మీ బండి ఎంత దించాలో మీ డిక్కీలో పడే బరువును చూసి తేల్చుకోండి. నా లెక్కలో మన వైపు 35 మి.మీ. ఆఖరు. 50, 60 అనేవాళ్లు హాలియా రోడ్డు మీద ఒకసారి నిండా జనంతో రావాలి.

స్పీడ్ బ్రేకర్ల గురించి అందరూ అడుగుతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ., వంపు 17 మీటర్ల వ్యాసార్థం. స్విఫ్ట్ ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.43 మీటర్లే. అంటే అలాంటి బ్రేకర్ మీద బండి మొత్తం ఎక్కి దిగుతుంది, చక్రాల మధ్య వంపు పైకి లేచేది 4 సెం.మీ. పైచిలుకే. దించిన బండికి అది లెక్కే కాదు. బాధంతా ఊరివాళ్లు సిమెంటుతో పోసుకున్న మూరెడు వెడల్పు గట్లతోనే. పైపులైను కోసం తవ్వి పూడ్చిన చోట్లు కూడా అంతే. అక్కడ ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించాలి. అయినా సైలెన్సర్ పైపు అతుకు దగ్గరి ఫ్లాంజ్ రెండుసార్లు రాసుకుని, పైపును వేలాడదీసే హ్యాంగర్ రబ్బరు తెగింది.

దానికంటే పెద్ద టెన్షన్ కోతల కాలం. సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వడ్లు రోడ్డు మీదికి వస్తాయి. సగం రోడ్డు వడ్లు, వాటి చుట్టూ బండలు. పగలు కనిపిస్తాయి. రాత్రి ఎదురు లైట్లలో ఆ బండ వడ్ల రంగులో కలిసిపోతుంది. మామూలు స్విఫ్ట్ కిందినుంచి పోయే రాయి మన బంపర్ అంచుకు తగులుతుంది. మా బంపర్ కింద ఎడమవైపు తెల్లగా చెక్కుకుపోయిన గాటు అలాంటిదే. రైతును ఏమంటాం, ఆరబెట్టుకునే చోటు ఇంకెక్కడుంది? ఆ నెల నేను చీకటి పడక ముందే తిరిగొస్తాను.

దించిన వెంటనే అలైన్‌మెంట్ చేయించినా, స్ప్రింగులు కుదురుకున్నాక మళ్లీ చేయించాలి. స్విఫ్ట్‌లో ముందు టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మాత్రమే సర్దగలరు. క్యాంబర్ మారి చక్రం పైభాగం కొంచెం లోపలికి వాలుతుంది, దానికి క్యాంబర్ బోల్టు విడిగా వేసుకోవాలి. టైరు మీద అరచేతితో అడ్డంగా రాసి చూడండి. ఒకవైపు నున్నగా, వెనక్కి లాగితే గరుగ్గా తగిలితే టో తప్పినట్టే. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచూపించండి. ఇంకొకటి: పంక్చర్ అయితే బండి ఇంకా కిందికి దిగి, షాపువాడి పెద్ద జాకీ దూరదు. డిక్కీలో రెండంగుళాల చెక్క ముక్క పెట్టుకున్నాను, చక్రాన్ని దాని మీదికి ఎక్కించాక జాకీ పెడతారు.

పోలీసులు ఇంతవరకూ ఆపి అడగలేదు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల మీద హద్దులు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి చెప్పండి, క్లెయిమ్ రోజు వాదన పెట్టుకోవద్దు. పాత స్ప్రింగులు నాలుగూ నేను పారేయలేదు, అటక మీద ఉన్నాయి. బండి అమ్మే రోజు కొనేవాడు అవే అడగవచ్చు.

ఇప్పుడు వెనక ఎడమ షాక్ నూనె కారుతోంది. మామూలు ఎత్తులో అయితే ఇంకొంత కాలం నడిచేదని మెకానిక్ మాట, నేనూ కాదనను. జతగానే మారుస్తున్నాను. దాంతో పాటు వెనక స్ప్రింగుల కింద 10 మి.మీ. రబ్బరు ప్యాడ్లు వేయమన్నాను, బియ్యం బస్తాల కోసం.