మధురపూడి నుంచి శంషాబాద్‌కి ఏటీఆర్‌లో

మోకాళ్ల నొప్పులతో అమ్మ రాత్రంతా రైలు బెర్తు మీద పడుకోలేకపోతోందని ఈసారి రాజమండ్రి నుంచి, అంటే మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి, హైదరాబాద్‌కి విమానంలో తీసుకెళ్లాను. గాల్లో దూరం సుమారు 360 కిలోమీటర్లు. విమానం కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా గంటా పది నిమిషాలు పట్టింది. కానీ ఇంట్లో బయల్దేరి మియాపూర్‌లో అక్క గుమ్మం తొక్కేసరికి ఐదున్నర గంటలయింది. టికెట్ మీద టైమ్ చూసి లెక్కలు వేసుకోకండి.

ఏటీఆర్ అంటే రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం. వెనక తలుపు నుంచే ఎక్కాలి. మెట్లు సన్నం, నిటారు. అమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి ఎక్కింది. నాకు గుండె దడే. పెద్దవాళ్లుంటే బుకింగ్‌లోనే వీల్‌చైర్ అడగండి. సీట్ల పైన సామాను పెట్టే అర కూడా చిన్నదే, నా ట్రాలీ బ్యాగు పట్టలేదు.

రెక్కలు కిటికీకి పైన ఉంటాయి కాబట్టి కిందంతా కనిపిస్తుంది. గోదావరి, మధ్యలో లంకలు చూసి అమ్మ దణ్ణం పెట్టుకుంది. చప్పుడు ఎక్కువే, అయినా మళ్లీ ఇందులోనే తీసుకెళ్తాను.