అయిదు రూపాయల భోజనం: ఎవరి పొయ్యి మేలు?

పురపాలక సంఘం అనగానే మనకు గుర్తొచ్చేవి చెత్త బండి, కుళాయి నీళ్లు, ఇంటి పన్ను నోటీసు. మన ఆకలి సంగతి కూడా దానికి పట్టవచ్చునని హైదరాబాద్ వాసులు 2014 మార్చిలో చూశారు. నాంపల్లి సరాయి దగ్గర జీహెచ్‌ఎంసీ అయిదు రూపాయలకు మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలుపెట్టింది అప్పుడే. అంతకు ఏడాది ముందు, 2013 ఫిబ్రవరిలో, చెన్నై కార్పొరేషన్ అప్పటి ముఖ్యమంత్రి జయలలితను అందరూ పిలిచే ‘అమ్మ’ పేరుతో అమ్మ ఉణవగాలు, అంటే అమ్మ క్యాంటీన్లు, తెరిచి రూపాయికి ఇడ్లీ అమ్మింది. 2018లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోకి అన్న క్యాంటీన్లు వచ్చాయి, 2020లో కేరళ జనకీయ హోటళ్లు పెట్టింది. అన్నిటి ఉద్దేశమూ ఒకటే అయినా వంట చేసే తీరు మాత్రం ఒకటి కాదు. నా లెక్కలో అసలు తేడా అక్కడే ఉంది.

హైదరాబాద్‌లో వంట ఒకచోట, వడ్డన మరోచోట. హరేకృష్ణ సంస్థ కేంద్ర వంటశాలలో వండిన అన్నం, సాంబారు, కూర వ్యాన్లలో బయల్దేరి వీధి పక్క కేంద్రాలకు చేరతాయి. ఈ పద్ధతిలో సుగుణాలు లేకపోలేదు. వంటశాల శుభ్రత మీద ఒకేచోట కన్నేసి ఉంచవచ్చు. సాంబారు రుచి అమీర్‌పేటలో ఒకలా, మలక్‌పేటలో ఒకలా ఉండదు. కొత్త కేంద్రం పెట్టాలంటే ఒక డబ్బా గది, ఇద్దరు మనుషులు ఉంటే చాలు. కానీ ఆ భోజనం వల్ల ఆ బస్తీలో ఎవరికీ పెద్దగా పని దొరకదు. పైగా పళ్లెం చేతిలో పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడి తినవలసిన చోట్లు చాలా ఉండేవి. కడుపు నిండినా కూర్చుని తిన్న తృప్తి వేరు. అన్న క్యాంటీన్లకూ వంట బయటి నుంచే వస్తుంది గానీ, వాటికి సొంత భవనం, చేయి కడుక్కునే చోటు, నీడ ఉన్నాయి. ఇంతమాత్రం ఏర్పాటుకే మనిషి మర్యాద పెరుగుతుంది.

చెన్నైలో పొయ్యి క్యాంటీన్‌లోనే ఉంటుంది. పొదుపు సంఘాల మహిళలు పొద్దున్నే వచ్చి పిండి రుబ్బి ఇడ్లీ వేస్తారు, మధ్యాహ్నం సాంబారు అన్నం, పెరుగన్నం కలుపుతారు, సాయంత్రం చపాతీ కాలుస్తారు. వాళ్లకు కార్పొరేషన్ రోజు కూలి ఇస్తుంది. అంటే ఒక్క పథకంతో రెండు పనులు జరుగుతున్నాయి: తినేవాడికి వేడి అన్నం దొరుకుతుంది, వండే ఆమెకు ఇంటి దగ్గరలోనే ఉపాధి దొరుకుతుంది. పెరుగన్నం మూడు రూపాయలే. దీని బలహీనత కూడా ఆ పొయ్యి దగ్గరే ఉంది. రుబ్బురోలు యంత్రం ఆగిపోతుంది, పాత్రలు చిల్లులు పడతాయి, పైకప్పు కారుతుంది. 2024లో కొత్త పాత్రలు, మరమ్మతుల కోసం ₹21 కోట్లు ప్రకటించవలసి వచ్చింది. వందల వంటిళ్లు పెట్టుకుంటే వందల మరమ్మతులూ తప్పవు. ధరలు పెంచకపోవడంతో ఏటేటా కార్పొరేషన్ మీద నష్టం పడుతూనే ఉంది.

కేరళది మూడో దారి. అక్కడ వండే మహిళలు కూలీలు కారు, హోటల్ యజమానులే. కుటుంబశ్రీ అనే మహిళా పొదుపు సంఘాలు ఇరవై రూపాయలకు భోజనం పెడితే ప్రభుత్వం మరో పది ఇచ్చేది. గది, నీళ్లు, కరెంటు పంచాయతీయో మునిసిపాలిటీయో చూసుకునేది. కాగితం మీద ఇంతకన్నా అందమైన ఏర్పాటు లేదు. ఆ పది రూపాయలు నెలల తరబడి ఆగిపోయినప్పుడు సరుకుల అప్పు మాత్రం ఆ మహిళల నెత్తిన కూర్చుంది. 2023లో సబ్సిడీ కూడా తీసేసి భోజనం ధర ముప్పైకి పెంచారు. ‘స్వయం ఉపాధి’ అన్న మంచి పేరుతో పేదవాళ్ల ఆకలి నష్టాన్ని ఇంకొంచెం తక్కువ పేదవాళ్లతో భరింపజేయడం నాకు న్యాయంగా తోచదు. రోజు కూలి తక్కువే కావచ్చు, కానీ చెన్నై మహిళ సరుకుల కొట్టువాడికి భయపడి దారి మార్చుకుని వెళ్లవలసిన పని లేదు.

ఇక ఏ పూట పెట్టాలి? హైదరాబాద్ పదకొండేళ్లపాటు దాదాపుగా మధ్యాహ్నంతోనే సరిపెట్టుకుంది. 2025లో అక్కడి పథకం పేరు అన్నపూర్ణ నుంచి ఇందిరమ్మగా మారినప్పుడు అయిదు రూపాయల అల్పాహారం కూడా తోడైంది. ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్‌కే నా ఓటు. టిఫిను, భోజనం, రాత్రి భోజనం మూడూ అయిదేసి రూపాయలు. పనికోసం ఊరు విడిచి వచ్చినవాడికి పెద్ద చిక్కు రాత్రి పూటే. పగలు మేస్త్రీ ఎవరో ఒకరు టీ అయినా ఇప్పిస్తాడు, చీకటి పడ్డాక అడిగేవారుండరు. టిఫిను వేళ మాత్రం సరిగా కుదరలేదు. ఏడున్నరకు తలుపు తీస్తే అడ్డా మీద కూలీలు అప్పటికే ఆటో ఎక్కి వెళ్లిపోయి ఉంటారు. ఆదివారం సెలవు మరీ విచిత్రం, ఆ రోజు కూలి దొరకనివాడికే కదా చవక భోజనం అవసరం.

పేరు సంగతి కూడా చెప్పాలి. తెలుగులో ‘అన్న’ అంటే ఎన్టీఆర్ గుర్తొస్తారు, అన్నమూ గుర్తొస్తుంది. మాట చాతుర్యానికి లోటు లేదు. కానీ 2019లో ప్రభుత్వం మారగానే అన్న క్యాంటీన్లు మూతపడ్డాయి, మళ్లీ తెరుచుకున్నది 2024 ఆగస్టులో. మధ్యలో అయిదేళ్లు గడిచాయి. చెన్నైలో 2021లో ప్రభుత్వం మారినా ‘అమ్మ’ బోర్డులు అలాగే ఉన్నాయి, ఇడ్లీ పాత్ర కింద మంట ఆరలేదు. ఇది పాలకుల పెద్దమనసు ఒక్కటే కాదనుకుంటాను. అక్కడ క్యాంటీన్ మూస్తే ప్రతి వార్డులోనూ జీతం పోయే మహిళలు ఉంటారు, వాళ్ల ఇళ్లలో ఓట్లుంటాయి. బయటి నుంచి వచ్చే వ్యాన్‌ను ఆపడం సులువు, వీధిలో ఉన్న పొయ్యిని ఆర్పడం అంత సులువు కాదు.

అందుకే మన మధ్యతరహా పట్టణాలకు, ఒంగోలుకో ఖమ్మానికో, నేనైతే చెన్నై పొయ్యినే ఎంచుకుంటాను. వండేందుకు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద పొదుపు సంఘాలు ఇప్పటికే ఉన్నాయి. పెట్టే పూటలు మాత్రం అన్న క్యాంటీన్ల లెక్కన మూడూ ఉండాలి. హైదరాబాద్‌లాంటి మహానగరంలో స్థలం దొరకని చోట కేంద్ర వంటశాల తప్పదు, దానికి నేను అడ్డు చెప్పను.

చోటు ఎంచడంలో మటుకు ఒక పట్టుదల ఉంది. మొదటిది బస్టాండు దగ్గర కాదు, ప్రభుత్వాసుపత్రి గేటు ఎదురుగా పెట్టాలి. లోపల రోగికి ఆసుపత్రి వాళ్లే భోజనం ఇస్తారు. వరండాలో చాప పరుచుకుని పడుకున్న అతని భార్యకు ఎవరూ పెట్టరు.